శ్రీనిధి డెక్కన్ 2023-24: 48 పాయింట్లు వచ్చినా ఐఎస్ఎల్‌కు ఎందుకు వెళ్లలేకపోయాం?

గడియారం_సెంటర్ (నల్గొండ)

ఐపీఎల్ వేలం మొదలైందంటే ఇక్కడ అర్ధరాత్రి దాకా మెసేజులు ఆగవు. కానీ ఫుట్‌బాల్‌లో ఐ లీగ్ 2023-24 సీజన్ గురించి ఒక్క చర్చ కూడా సరిగ్గా జరగలేదు. హైదరాబాద్ పక్కన అజీజ్‌నగర్‌లో ఆడే శ్రీనిధి డెక్కన్ దేశంలోని రెండో అంచె అయిన ఈ లీగులో వరుసగా రెండు సీజన్లు రెండో స్థానంలో నిలిచింది. మా నల్గొండలో క్లాక్ టవర్ దగ్గర నిలబడి అడిగితే ఆ జట్టు పేరు చెప్పేవాళ్లు దొరకరు. నాకు నిజంగా బాధనిపిస్తుంది.

ఆ ఏడాది లీగులో 13 జట్లు, ఒక్కో జట్టుకు 24 మ్యాచ్‌లు. కోల్‌కతా జట్టు మొహమ్మడన్ స్పోర్టింగ్‌కు 52 పాయింట్లు, మనకు 48, మూడో స్థానంలో గోకులం కేరళకు 42. పై అంచె లీగు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) లోకి వెళ్లేది చాంపియన్ ఒక్కటే. నాలుగు పాయింట్లంటే ఒక గెలుపు, ఒక డ్రా. చేతికి అందింది నోటికి అందలేదు.

2024 ఏప్రిల్ 6న మొహమ్మడన్ షిల్లాంగ్ వెళ్లి అక్కడి జట్టు లాజాంగ్‌ను 2-1తో ఓడించి టైటిల్ ఖాయం చేసుకుంది. ఆ మ్యాచ్‌ను ఫోన్‌లో చూస్తూ, లాజాంగ్ ఎలాగైనా గెలవాలని మొక్కని దేవుడు లేడు. మనం ఎక్కడ పోగొట్టుకున్నాం? మీకు తోచింది రాయండి.

పాలమూరు_లెఫ్ట్‌వింగ్ (మహబూబ్‌నగర్)

అన్నా, ఆ సీజన్లో మనం పోగొట్టుకున్నది పెద్దగా లేదు. వాళ్లు మనకన్నా బాగా ఆడారు. 24 మ్యాచ్‌లలో మొహమ్మడన్ ఓడింది రెండే. కోచ్ ఆండ్రీ చెర్నిషోవ్ జట్టును ఎంత గట్టిగా కట్టాడంటే, గెలవలేని రోజున కూడా ఒక్క పాయింటన్నా పట్టుకుని పోయేవాళ్లు. 1891లో పుట్టిన క్లబ్బు అది. టైటిల్ ఖాయమైన రోజు వాళ్ల అభిమానులు కోల్‌కతా నుంచి షిల్లాంగ్ దాకా వెళ్లారు. వాళ్లకు దక్కాల్సిందే దక్కింది.

నాకు అంతకన్నా కడుపు మండేది 2022-23 సీజన్ గుర్తొచ్చినప్పుడు. రౌండ్‌గ్లాస్ పంజాబ్ 22 మ్యాచ్‌లలోనే 52 పాయింట్లు తెచ్చుకుంది. మనం 42తో రెండో స్థానం. పైకి వెళ్లే దారి తెరుచుకున్న మొదటి ఏడాదే అంత బలమైన జట్టు ఎదురుపడింది. ఇప్పుడు 2024-25 చూడండి. అప్పుడు కూడా 22 మ్యాచ్‌లే, చివరికి చాంపియన్‌గా తేలిన జట్టు పాయింట్లు ఎన్నో తెలుసా? 42. ఒక ఏడాది పది పాయింట్ల దూరంలో నిలబెట్టిన అంకె, రెండేళ్ల తర్వాత ఇంకో జట్టుకు కప్పు తెచ్చిపెట్టింది. మనం బాగా ఆడిన రెండేళ్లూ పక్కవాడు ఇంకా బాగా ఆడాడు, అంతే.

కృష్ణ_తీరం (గద్వాల)

అన్నా, నేను ఈ మధ్యనే ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టాను. ఇదంతా కొంచెం అర్థమయ్యేలా చెప్తారా? ఐఎస్ఎల్ వేరు, ఐ లీగ్ వేరు అంటారు. ఐ లీగే పాతది అంటారు. మరి పాతది రెండో అంచె ఎట్లయింది? రెండో స్థానంలో వచ్చిన జట్టుకు కనీసం ప్లేఆఫ్ లాంటిది ఉండదా?

పీఈటీ_వనపర్తి (వనపర్తి)

తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. మా బడి పిల్లలకు చెప్పినట్టే చెప్తాను.

1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ పేరుతో దేశవ్యాప్త లీగు మొదలైంది. 2007లో దాని స్థానంలో ఐ లీగ్ వచ్చింది. అప్పట్లో దేశ చాంపియన్ అంటే ఐ లీగ్ గెలిచిన జట్టే. 2014లో ఐఎస్ఎల్ వచ్చింది. డబ్బు, టీవీ, పేరున్న విదేశీ ఆటగాళ్లు అన్నీ అటే వెళ్లాయి. కొన్నేళ్లు రెండు లీగులూ పక్కపక్కన నడిచాయి. 2019లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఒక దారి చూపించింది. ఐఎస్ఎల్ మొదటి అంచె, ఐ లీగ్ దాని కింద. 2022-23 నుంచి ఐ లీగ్ గెలిచిన జట్టు ఫ్రాంచైజీ రుసుము లేకుండానే ఐఎస్ఎల్‌లోకి వెళ్లొచ్చు. క్లబ్ లైసెన్స్ షరతులు మాత్రం పూర్తి చేయాలి. ఆ దారిలో ముందు పంజాబ్, తర్వాత మొహమ్మడన్ పైకి వెళ్లాయి.

ప్లేఆఫ్ లేదు. ఇంగ్లండులో అయితే రెండో అంచెలో మొదటి రెండు స్థానాల తర్వాత వచ్చే కొన్ని జట్లకు కూడా ఇంకో అవకాశం ఉంటుంది. సీజన్ చివరి దాకా సగం లీగు ఆశతో ఆడుతుంది. ఇక్కడ రెండో స్థానానికీ ఎనిమిదో స్థానానికీ ఫలితం ఒకటే. నా అభిప్రాయంలో 2023-24లో శ్రీనిధికి జరిగిన అన్యాయం ఏదన్నా ఉంటే అది ఈ నియమంలోనే ఉంది. ఇంకో మాట. 2024-25 దాకా కింది నుంచి ఒక జట్టు పైకి వెళ్లింది గానీ పై నుంచి కిందికి ఎవరూ దిగలేదు. 2024-25 ఐఎస్ఎల్‌లో మొహమ్మడన్ అట్టడుగున నిలిచినా కిందికి పంపలేదు. నిచ్చెనకు ఒక వైపే మెట్లు కడితే పోటీ ఎట్లా పెరుగుతుంది?

సూర్యాపేట_రిటైర్డ్ (సూర్యాపేట)

పీఈటీ సార్ చెప్పింది సరైన చరిత్ర. ఇంకొంచెం వెనక్కి వెళ్దాం, ఎందుకంటే శ్రీనిధి దగ్గరే మన ఫుట్‌బాల్ మొదలైందని పిల్లలు అనుకోకూడదు.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తి రీత్యా బడి పంతులు. ఆయన చేతిలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడాదే ఆయన క్యాన్సర్‌తో పోయారు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోల్ కొట్టాడు. రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58లో వరుసగా గెలిచింది. మా నాన్నగారు ఈ పేర్లు సినిమా హీరోల పేర్లలా చెప్పేవారు.

అలాంటి ఊరి నుంచి ఐ లీగులోకి ఒక జట్టు రావడానికి ఇన్నేళ్లు పట్టింది. వచ్చిన మొదటి ఏడాది, 2021-22లో, కోవిడ్ వల్ల లీగంతా బెంగాల్‌లోనే పెట్టారు. 2022 మేలో గోకులం కేరళ 21 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగకుండా వచ్చి శ్రీనిధి ముందు నిలబడింది. ఇంకొక్క పాయింట్ వస్తే కప్పు వాళ్లదే. మనవాళ్లు 3-1తో ఓడించారు. మిజోరం కుర్రాడు లాల్‌రోమావియా హ్యాట్రిక్ కొట్టాడు. గోకులం తర్వాతి మ్యాచ్‌లో మొహమ్మడన్‌ను ఓడించి కప్పు తీసుకుంది, అది వేరే సంగతి. ఆ రోజు నుంచి నేను ఈ జట్టును వదల్లేదు.

గడియారం_సెంటర్ (నల్గొండ)

సార్, ఆ హ్యాట్రిక్ గుర్తుచేసి మంచి పని చేశారు. అందరూ కొలంబియా ఫార్వర్డ్ డేవిడ్ కాస్తానేడా గోల్స్ గురించే మాట్లాడతారు. కాస్తానేడా గొప్ప ఆటగాడే, పెనాల్టీ బాక్సులో బంతి దొరికితే రెండో ఆలోచన ఉండదు. కానీ మన దేశం కుర్రాడు చాంపియన్ జట్టు మీద హ్యాట్రిక్ కొట్టడం వేరే సంబరం.

పాలమూరు తమ్ముడి మాట ఒకటి ఒప్పుకోను. "వాళ్లు బాగా ఆడారు, అంతే" అని వదిలేస్తే ఎట్లా? ఈ లీగులో బయట ఊళ్ల మ్యాచ్‌లే అసలు పరీక్ష. అజీజ్‌నగర్‌లో మనది సహజమైన గడ్డి. శ్రీనగర్‌లో రియల్ కశ్మీర్ గ్రౌండు సింథటిక్ టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి, ఊరేమో సముద్రమట్టానికి దాదాపు 1600 మీటర్ల ఎత్తు, మధ్య చలికాలం. ఐజ్వాల్‌లోనూ టర్ఫే. టర్ఫ్ మీద బంతి వేగంగా జారుతుంది, పాస్ కొంచెం గట్టిగా పడితే లైను దాటిపోతుంది. దక్కన్ వేడిలో ప్రాక్టీసు చేసిన కాళ్లు అక్కడ మొదటి అరగంట కుదురుకోవడానికే సరిపోతుంది. కోచ్ కార్లోస్ వాజ్ పింటో జట్టును ఎంత క్రమశిక్షణతో ఆడించినా, ఆ అరగంటలో పోయే పాయింట్లే చివర్లో నాలుగై కూర్చుంటాయి. పైకి వెళ్లాలంటే ముందు ఆ ఊళ్లలో గెలవడం నేర్చుకోవాలి.

పాలమూరు_లెఫ్ట్‌వింగ్ (మహబూబ్‌నగర్)

అన్నా, ఆ చలి, ఆ టర్ఫ్ మొహమ్మడన్‌కు కూడా ఉన్నాయి కదా. బెంగాల్‌లోని నైహాటిలో ఆడేవాళ్లకు శ్రీనగర్ ఏమన్నా సొంతూరా? వాళ్లు తట్టుకున్నారు, మనం తట్టుకోలేదు. తేడా బెంచీలో ఉంది. డెబ్బయ్యో నిమిషంలో ఇద్దరిని మార్చినా వాళ్ల ఆట తగ్గేది కాదు. మనకు మొదటి పదకొండు మంది బాగుండేవాళ్లు, ఆ తర్వాత పలచబడేది. పెద్ద లీగులో ఆడాలంటే ముందు కావాల్సింది పదిహేడో, పద్దెనిమిదో ఆటగాడు.

దేవరకొండ_అమ్మ (దేవరకొండ)

అందరికీ నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి. అబ్బాయిలతో కలిసి ఫుట్‌బాల్ ఆడుతుంది, బాగా ఆడుతుంది. మీరు రాసేవన్నీ శ్రద్ధగా చదివాను. నాకు ఒక్కటే అర్థం కాలేదు. అజీజ్‌నగర్‌లో జట్టు పైకి పోయినా కిందికి పోయినా మా దేవరకొండ పిల్లకు ఏమి మారుతుంది? తను చదివే బడిలో వారానికి ఉన్న రెండు ఆటల పీరియడ్లు కూడా పరీక్షలు దగ్గర పడితే లెక్కలకు పోతాయి. మేము అడిగితే "ఆటలతో ఉద్యోగం వస్తుందా అమ్మా" అన్నారు. ఆ రోజు పిల్ల ఇంటికొచ్చి అన్నం తినలేదు.

పీఈటీ_వనపర్తి (వనపర్తి)

అమ్మా, మీరు అడిగిందే అసలు ప్రశ్న. పాయింట్ల పట్టిక తర్వాత చూసుకుందాం.

మా దగ్గర గ్రౌండు ఎట్లుంటుందో చెప్తాను. ఎర్ర మట్టి, మధ్యలో గరుసు. కొత్త బంతి దిగిన నెలకే పై తోలు పెచ్చులు లేస్తుంది. గరుసు మీద రాసుకుని కుట్లు తెల్లగా తేలతాయి, ఒక మూల నుంచి లోపలి బ్లాడర్ బుడగలా బయటికి ఉబుకుతుంది. సైకిల్ షాపులో సూది లాంటి నాజిల్ అడిగి గాలి కొట్టిస్తాం. గ్రౌండు పక్కనే తుమ్మ చెట్లు. బంతి అటు పోయిందంటే పిల్లలందరూ ఆట ఆపి ఊపిరి బిగబట్టి చూస్తారు. గోల్ పోస్టులు నీలగిరి కర్రలే, పైన అడ్డంగా తాడు. బంతి తాడు పైనుంచి పోయిందా కింద నుంచి పోయిందా అని రోజూ పంచాయితీ. గోల్‌కీపర్‌గా నిలబడమంటే ఎవరూ ముందుకు రారు, ఆ గరుసు మీద డైవ్ కొడితే మోచేయి చెక్కుకుపోతుంది. అందుకే మా జిల్లాల్లో మంచి గోలీలు తయారు కారు. స్కూల్ గేమ్స్‌లో రాష్ట్ర పోటీలకు వెళ్లినప్పుడు మా పిల్లలు మొదటిసారి గడ్డి మీద కాలు పెడతారు. స్టడ్స్ లేని బూట్లతో జారి పడతారు. వాళ్లకు ఆట రాక కాదు, ఆ నేల కొత్త.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. దగ్గరలో ఒక ప్రొఫెషనల్ క్లబ్బు ఉంటే పిల్లకు కనపడే గమ్యం ఉంటుంది. ఐఎస్ఎల్ స్టేడియంలో ఆటగాళ్లు చాలా దూరంగా ఉంటారు. శ్రీనిధి ఆడే డెక్కన్ అరీనా చిన్నది. గట్టు మీద కూర్చుంటే కోచ్ అరుపులు కూడా వినపడతాయి. డిఫెండర్ తన పక్కవాణ్ని ఎప్పుడు ముందుకు పొమ్మంటున్నాడు, గోలీ గోడను ఎట్లా నిలబెడుతున్నాడు, అన్నీ చూసి నేర్చుకోవచ్చు. మా పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు వాళ్లు గోల్ కన్నా వార్మప్ ఎక్కువ చూశారు. తర్వాతి సోమవారం నుంచి నేను చెప్పకుండానే అదే వరుసలో వార్మప్ మొదలుపెట్టారు.

మీ పాప విషయం. నిజామాబాద్ జిల్లా తండా నుంచి సౌమ్య గుగులోత్ భారత మహిళల జట్టుకు ఆడింది, 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు కూడా వెళ్లింది. ఆ అమ్మాయి ఫొటో పాప పుస్తకం అట్ట మీద అతికించండి. అండర్ 14, అండర్ 17 స్కూల్ గేమ్స్ జిల్లా ఎంపికలు ఏటా ఉంటాయి. మండల విద్యాధికారి ఆఫీసులో తేదీ కనుక్కోండి. అండర్ 17 జాతీయ పోటీల్లో ఆడిన సర్టిఫికెట్ ఉంటే తర్వాత స్పోర్ట్స్ కోటాలో పనికొస్తుంది. ఉద్యోగం గురించి అడిగినవాళ్లకు ఇది చెప్పండి.

దేవరకొండ_అమ్మ (దేవరకొండ)

సార్, చాలా సంతోషం. సౌమ్య గురించి పాపకు చదివి వినిపించాను. క్రొయేషియా ఎక్కడుందో ఫోన్‌లో మ్యాప్ తీసి చూసింది. రేపే మండల ఆఫీసుకు వెళ్తాను.

కృష్ణ_తీరం (గద్వాల)

పాలమూరు అన్న ఇందాక "చివరికి చాంపియన్‌గా తేలిన జట్టు" అన్నారు. చివరికి తేలడం అంటే ఏమిటన్నా? 2024-25లో ఏదో కోర్టు గొడవ జరిగిందని విన్నాను.

పాలమూరు_లెఫ్ట్‌వింగ్ (మహబూబ్‌నగర్)

అవును తమ్ముడూ. 2025 ఏప్రిల్ 6న లీగు ముగిసేసరికి గోవా జట్టు చర్చిల్ బ్రదర్స్‌కు 40, వారణాసి జట్టు ఇంటర్ కాశీకి 39. కానీ జనవరి 13న జరిగిన ఒక మ్యాచ్ తేలలేదు. అందులో పంజాబ్ జట్టు నామ్‌ధారి 2-0తో ఇంటర్ కాశీని ఓడించింది. అయితే నామ్‌ధారి ఆడించిన ఒక విదేశీ ఆటగాడు పసుపు కార్డుల వల్ల ఆ రోజు ఆడకూడదని కాశీ ఫిర్యాదు. క్రమశిక్షణ కమిటీ మూడు పాయింట్లు కాశీకి ఇచ్చింది. అప్పీల్ కమిటీ దాన్ని తిప్పేసింది. చర్చిల్‌ను చాంపియన్ అని ప్రకటించారు కూడా. కాశీ స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. 2025 జూలై 18న చివరి తీర్పు కాశీ వైపు వచ్చింది. 42 పాయింట్లతో వాళ్లే చాంపియన్, వాళ్లే ఐఎస్ఎల్‌కు.

తీర్పు తప్పని నేను అనను. ఆడకూడని ఆటగాణ్ని ఆడించకూడదు, అంతే. కానీ ఏప్రిల్‌లో ముగిసిన లీగుకు చాంపియన్ ఎవరో జూలైలో తేలడం ఏమిటి? గెలిచిన ఆటగాళ్లు గ్రౌండులో కప్పు పట్టుకుని తిరగాల్సిన రోజు వాళ్లకు దక్కకుండా పోయింది. చర్చిల్ కుర్రాళ్లు కప్పు మాదే అనుకుని మూడు నెలలు గడిపారు. వాళ్ల పరిస్థితి ఆలోచించండి. మనం 2023-24లో నాలుగు పాయింట్ల తేడాతో ఓడాం, కానీ ఓడింది గ్రౌండులో. ఆ ముక్కతో నాకు నిద్ర పడుతుంది.

సూర్యాపేట_రిటైర్డ్ (సూర్యాపేట)

కప్పు పోయినవాళ్ల గురించి అంటున్నారు గనుక, 2023-24లో ఇంకా పెద్ద బాధ పడినవాళ్లు ఉన్నారు. మణిపూర్ జట్లు నెరోకా, ట్రావ్. 2023 మేలో అక్కడ అల్లర్లు మొదలైన తర్వాత ఆ రెండు జట్లూ ఇంఫాల్‌లో ఆడలేకపోయాయి. సొంత మ్యాచ్‌లను కూడా వేరే రాష్ట్రాల్లో ఆడుకున్నాయి. ఇంటి దగ్గర ఏం జరుగుతోందోనని ఫోన్ చూసుకుంటూ ఆడే కుర్రాడు 90 నిమిషాలు ఆట మీద మనసు ఎట్లా పెట్టగలడు? సీజన్ చివర్లో రెండూ కిందికి పోయాయి. పట్టికలో అట్టడుగు రెండు వరుసలు చూసి ఊరుకోవద్దు, ఆ వరుసల వెనక ఇది ఉంది. దేశానికి ఇంతమంది ఆటగాళ్లను ఇచ్చిన రాష్ట్రం అది.

లోగడ మిజోరం జట్టు ఐజ్వాల్‌కు కూడా ఇట్లాంటి గండమే వచ్చింది. 2015-16లో కిందికి పోవాల్సిన జట్టు. గోవా క్లబ్బులు తప్పుకోవడంతో మళ్లీ పిలిచారు. మరుసటి సీజన్ 2016-17లో ఖాలిద్ జమీల్ కోచింగ్‌లో ఏకంగా దేశ చాంపియన్ అయింది. ఆ జమీలే 2025లో భారత జట్టు కోచ్ అయ్యాడు. నెరోకా, ట్రావ్ కూడా అట్లా తిరిగి రావాలని కోరుకుంటున్నాను.

గడియారం_సెంటర్ (నల్గొండ)

సార్ మాట చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు.

నేను ఈ చర్చ మొదలుపెట్టడానికి ఇంకో కారణం ఉంది. 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ మూడేళ్లు తిరగకుండానే డబ్బు కష్టాల్లో పడి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఫైనల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన రాత్రి మా వీధిలో టపాసులు కాల్చాం. ఆ జట్టు ఇప్పుడు వేరే ఊరి పేరుతో ఆడుతోంది. గచ్చిబౌలిలో 2024లో భారత జట్టు మ్యాచ్‌లు జరిగాయి, డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది, బెంగాల్ 1-0తో కేరళను ఓడించింది. కానీ అవన్నీ వచ్చి పోయే మ్యాచ్‌లు. ఏటా ఇంటి దగ్గర ఆడే జట్టు వేరు. రెండో అంచె అని చిన్నచూపు చూసి ఇది కూడా పోగొట్టుకుంటే, వనపర్తి సార్ పిల్లలు వార్మప్ చూడటానికి ఎక్కడికి పోవాలి?

పాలమూరు తమ్ముడూ, బెంచీ విషయంలో నీ మాటకు తూకం ఉంది. కానీ ఆ పదిహేడో ఆటగాడు మిజోరం నుంచే ఎందుకు రావాలి? మా ఎన్జీ కాలేజీ గ్రౌండు నుంచి, మీ పాలమూరు స్టేడియం నుంచి ఎందుకు రాకూడదు? క్లబ్బు వాళ్లు ఏటా ఒక వారం ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు వచ్చి పిల్లల్ని చూసిపోతే చాలు. ఆ కోరికతో క్లబ్బుకు ఒక ఉత్తరం రాద్దాం. పీఈటీ సార్ సంతకం పైన ఉండాలి.

పీఈటీ_వనపర్తి (వనపర్తి)

తప్పకుండా. నాగర్‌కర్నూల్, గద్వాల, నారాయణపేట పీఈటీలతో కూడా మాట్లాడతాను. ఉత్తరంలో గోలీలకు విడిగా శిక్షణ అడుగుదాం. గ్లవ్స్, మోచేతి ప్యాడ్లు కూడా. చిన్న కోరికలైతే త్వరగా తీరుతాయి.

కృష్ణ_తీరం (గద్వాల)

నేను కూడా మ్యాచ్‌కు రావాలనుకుంటున్నాను. ఇక్కడి నుంచి ఎట్లా రావాలి? ఎర్రవల్లి చౌరస్తా దాకా వస్తే హైవే తెలుసు, ఆ తర్వాత తెలియదు.

పాలమూరు_లెఫ్ట్‌వింగ్ (మహబూబ్‌నగర్)

జడ్చర్ల, షాద్‌నగర్ దాటి శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కు. అప్పా జంక్షన్‌లో దిగి చేవెళ్ల రోడ్డు పట్టుకుంటే అజీజ్‌నగర్ వస్తుంది. రాత్రి మ్యాచ్ అయితే బస్సు నమ్ముకోవద్దు, తిరిగి రావడం కష్టం. జడ్చర్ల దాకా వచ్చేయ్, అక్కడి నుంచి నా కారులో పోదాం.

గడియారం_సెంటర్ (నల్గొండ)

నల్గొండ వైపు వాళ్లు నార్కట్‌పల్లి చౌరస్తాకు రండి, చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కుదాం. దేవరకొండ అక్కా, మీకు మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా దగ్గర. బొంగ్లూరు దగ్గర ఔటర్ మీద కలుస్తాం. పాప కూడా రావాలి. షెడ్యూల్ రాగానే మొదటి హోమ్ మ్యాచ్ తేదీ ఇక్కడే పెడతాను. కారులో రెండు సీట్లు ఖాళీ ఉన్నాయి, కావాల్సినవాళ్లు ముందే చెప్పండి.

దేవరకొండ_అమ్మ (దేవరకొండ)

ఆ రెండూ మాకే ఉంచండి తమ్ముడూ.